మీ ఇంటి గ్లాసు ఎన్ని మిల్లీలీటర్లు?

ఎలమంచిలి బజారులో ఏ కొట్టుకు వెళ్లినా ద్రవాలన్నీ మెట్రిక్ లెక్కలోనే దొరుకుతాయి. పాల ప్యాకెట్ మీద 500 మి.లీ., నూనె ప్యాకెట్ మీద 1 లీటరు, మందుల షాపులో సిరప్ సీసా మీద 100 మి.లీ. అని అచ్చేసి ఉంటుంది. అదే సరుకు వంటింటి గడప దాటగానే లెక్క మారిపోతుంది. అక్కడ చలామణీలో ఉండేవి గ్లాసు, గిన్నె, గరిటె, చెంచా. సెల్‌ఫోన్‌లో వంటలు చూడటం మొదలయ్యాక వీటికి తోడు కప్పు కూడా వచ్చి చేరింది. కప్పు పాలు, ముప్పావు కప్పు పెరుగు, పావు కప్పు నూనె అంటూ గడగడా చెప్పుకుపోతారు. ఆ కప్పులో ఎన్ని మిల్లీలీటర్లు పడతాయో చెప్పేవాళ్లు తక్కువ.

అర లీటరు పాల ప్యాకెట్‌ను కప్పుల్లో పోస్తే ఎన్ని కప్పులవుతాయి? ఆస్ట్రేలియా కప్పుతో సరిగ్గా రెండు. జపాన్ కప్పుతో రెండున్నర. రైస్ కుక్కర్‌తో వచ్చే కప్పుతో దాదాపు రెండు ముప్పావు. మూడు రకాల కప్పులుంటే మూడు జవాబులూ నిజమే. ఈ తేడాను ఎక్కడ వదిలేయవచ్చో, ఎక్కడ వదిలేస్తే ప్రమాదమో ప్రతి ఇంట్లోనూ తెలిసి ఉండాలని నా కోరిక. అందుకు కావలసిన సామగ్రి అంతా ఇంట్లోనే ఉంది. మనం రోజూ మంచినీళ్లు తాగే స్టీలు గ్లాసు, దాని నిండా నీళ్లు, వీలైతే ఓ చిన్న తూకం.

పేరు ఒకటే, కొలతలు అనేకం

ముందుగా అమెరికా కప్పు సంగతి చూద్దాం. ఇంగ్లండులో రాణి ఆన్ కాలంలో, 1707లో, ద్రాక్షసారా గ్యాలన్‌ను 231 ఘనపు అంగుళాలుగా ఖాయం చేశారు. అమెరికా ఇప్పటికీ ఆ గ్యాలన్‌నే పట్టుకుని ఉంది. అందులో పదహారో వంతు ఒక కప్పు. మన లెక్కలో అది 236.6 మి.లీ. అయితే ఆహార ప్యాకెట్ల మీద పోషకాల పట్టిక వేసేటప్పుడు అక్కడి ప్రభుత్వమే దాన్ని 240 మి.లీ.గా లెక్కకడుతుంది. మన దుకాణాల్లో దొరికే ప్లాస్టిక్ కొలత కప్పుల్లో కొన్ని ఈ 240 రకం, కొన్ని 250 రకం. ఆస్ట్రేలియా, న్యూజీలాండ్ వంటల్లో కప్పంటే 250 మి.లీ. పాత బ్రిటిష్ కప్పు పది ఇంపీరియల్ ఔన్సులు, అంటే 284 మి.లీ. జపాన్‌లో కప్పు 200 మి.లీ.

రైస్ కుక్కర్ కప్పుది వేరే కథ. కరెంటు మీద తనంతట తానే అన్నం వండి ఆగిపోయే కుక్కర్‌ను తోషిబా కంపెనీ 1955లో జపాన్ మార్కెట్లోకి తెచ్చింది. బియ్యం కొలవడానికి అక్కడివాళ్లకు 'గో' అనే పాత కొలత ఉంది. అది సుమారు 180 మి.లీ. కుక్కర్‌తో ఇచ్చే కప్పు ఆ గోయే. కుక్కర్ గిన్నె లోపలి గీతలు కూడా దాని లెక్కనే గీస్తారు.

చెంచాల్లోనూ ఇదే తకరారు. టీ స్పూను 5 మి.లీ. అన్న విషయంలో దాదాపు అందరిదీ ఒకే మాట. టేబుల్ స్పూను మాత్రం చాలా దేశాల్లో 15 మి.లీ. అయితే ఆస్ట్రేలియాలో 20 మి.లీ. ఈ లెక్కలన్నీ ప్రమాణంగా చేసిన కొలత చెంచాలకే వర్తిస్తాయి. మన వంటింటి స్టాండుకు వేలాడే చెంచా ఏ దేశపు లెక్కలోకీ రాదు.

మానిక, సోల, గిద్దె

కొలపాత్రలు మనకు కొత్తేమీ కాదు. నాలుగు గిద్దెలు సోల. రెండు సోలలు తవ్వ. రెండు తవ్వలు మానిక. రెండు మానికలు అడ్డ. రెండు అడ్డలు కుంచం. నాలుగు కుంచాలు తూము. ఇరవై తూములు పుట్టి. ధాన్యమే కాదు, పాలూ నెయ్యీ నూనే కూడా ఈ పాత్రలతోనే కొలిచేవారు. ద్రాక్షారామం భీమేశ్వరాలయంలో అఖండదీపాలకు దానమిచ్చినవాళ్లు ఎందరో ఉన్నారు. ఆవులనో గొర్రెలనో గుడికి అప్పగించి, దీపానికి రోజూ మానెడు నెయ్యి పోయాలని శాసనాలు వేయించారు. దీపం ఆరకుండా వెలగాలంటే నెయ్యి కొలత తప్పకూడదు కాబట్టి ఆ కొలతను రాతి మీదికే ఎక్కించారన్నమాట.

ఈ వరసలో ఓ తెలివి దాగి ఉంది. సోల నుంచి కుంచం దాకా మెట్లన్నీ రెట్టింపు మీదే నడుస్తాయి. తవ్వ సరైనదో కాదో చూడటానికి తూకంతో పనిలేదు. సోలతో రెండుసార్లు పోసి అంచుకు సరిపోయిందా లేదా అని చూస్తే చాలు. చదువు రాని కాపు కూడా కళ్లంలో వర్తకుడి కొలతను తన కళ్లతో సరిచూసుకోగలిగాడు. అమెరికా కొలతల్లోనూ ఇదే పద్ధతి కనిపిస్తుంది. పదహారు టేబుల్ స్పూన్లు కప్పు, రెండు కప్పులు పైంట్, రెండు పైంట్లు క్వార్ట్, నాలుగు క్వార్టులు గ్యాలన్. ఒక పాత్రలోంచి మరో పాత్రలోకి పోసి సరిచూసుకునే జనం ఎక్కడున్నా సగం చెయ్యడం, రెట్టింపు చెయ్యడం దగ్గరికే వస్తారు.

మన పాత కొలతల్లో లోపమల్లా ఊరూరికీ మారిపోవడమే. ఒక సీమ కుంచం మరో సీమ కుంచంతో సరిపోయేది కాదు. దేశమంతటికీ ఒకే కొలత ఉండాలని 1956లో తూనికలు కొలతల ప్రమాణాల చట్టం వచ్చింది. 1958 అక్టోబరు నుంచి మెట్రిక్ తూనికలు దశలవారీగా అమల్లోకి వచ్చాయి. సేర్లు, మణుగులు పోయి కిలోలు, లీటర్లు నిలిచాయి. పాలు పోసేవాళ్ల చేతిలోని లీటరు, అర లీటరు, పావు లీటరు డబ్బాల మీద తూనికలు కొలతల శాఖ ముద్ర ఉండాలన్న నియమం ఈ మార్పులో భాగంగా వచ్చిందే. వంటింటి గ్లాసుకు ఆ ముద్ర లేదు, ఉండాలని చట్టం కూడా అడగదు. ఆ పని మనమే చేసుకోవాలి.

గ్లాసుతో వంట ఎలా కుదురుతోంది?

కొలతే తెలియని గ్లాసుతో తరతరాలుగా వంట కుదురుతూనే ఉంది. అందుకు కారణం నిష్పత్తి. గ్లాసుడు బియ్యానికి రెండు గ్లాసుల నీళ్లు అన్నప్పుడు గ్లాసు 180 మి.లీ.దైనా 280 మి.లీ.దైనా అన్నం ఒకేలా ఉడుకుతుంది. కొలిచే పాత్ర మారకపోతే చాలు. ఉప్మా, పాయసం, రవ్వ కేసరి అన్నీ ఈ సూత్రం మీదే నడుస్తాయి. అమ్మమ్మలు మిల్లీలీటర్లు చెప్పకపోవడానికి వాళ్లకు తెలియకపోవడం కారణం కాదు, ఆ అవసరమే వాళ్లకు రాలేదు.

రెండు పాత్రలు కలిసిన చోటే చిక్కు మొదలవుతుంది. ఎలమంచిలి చుట్టుపక్కల ఊళ్ల నుంచి చదువులకూ ఉద్యోగాలకూ అమెరికా వెళ్లిన పిల్లలున్నారు. అక్కడ ఒక అమ్మాయి బియ్యాన్ని కుక్కర్‌తో వచ్చిన 180 మి.లీ. కప్పుతో కొలిచి, నీళ్లను అక్కడి 240 మి.లీ. కప్పుతో రెండుసార్లు పోసిందనుకుందాం. తన దృష్టిలో అది ఒకటికి రెండు. అసలు లెక్కలో 180కి 480, అంటే ఒకటికి 2.67. అన్నం ముద్దకట్టేస్తుంది. "అమ్మా, నువ్వు చెప్పినట్టే పోశానే" అని ఫోన్‌లో వాపోతుంది. "మన బియ్యం కాదేమోనే తల్లీ" అని అమ్మ ఓదారుస్తుంది. తప్పు బియ్యంలో లేదు, పొయ్యి దగ్గర పక్కపక్కనే ఉన్న ఆ రెండు కప్పుల్లో ఉంది.

నిష్పత్తికి మరో హద్దు కూడా ఉంది. బియ్యం పీల్చుకునే నీళ్లు బియ్యంతోపాటే పెరుగుతాయి గానీ, ఆవిరై పోయే నీళ్లు అలా పెరగవు. అవి గిన్నె మూతి వెడల్పు, మంట, ఉడికే సమయం మీద ఆధారపడతాయి. అందుకే గ్లాసుడు బియ్యానికి రెండు గ్లాసులు పోసే ఇల్లాలు పది గ్లాసుల బియ్యానికి ఇరవై గ్లాసులు పోయదు, చెయ్యి కాస్త వెనక్కి తీస్తుంది. పెళ్లి వంటలవాళ్లు ఎసరు తగ్గించి పెట్టడంలో ఉన్న భౌతికశాస్త్రం ఇదే.

గ్లాసును కొలిచే పద్ధతి

ఫ్రాన్స్‌లో 1795లో మెట్రిక్ పద్ధతి పుట్టినప్పుడు గ్రామును నీటితోనే నిర్వచించారు. ఘన సెంటీమీటరు చల్లని నీటి బరువు ఒక గ్రాము. ఘన సెంటీమీటరంటే మిల్లీలీటరే. తర్వాత నిర్వచనాలు మారినా వంటింటికి కావలసినంత మేరకు ఆ బంధం చెక్కుచెదరలేదు. కాబట్టి నీటిని తూచగలిగితే ఎంత పరిమాణమో తెలిసిపోయినట్టే.

గ్రాముల దాకా చూపించే చిన్న ఎలక్ట్రానిక్ తూకాన్ని చదునైన చోట పెట్టండి. పొడి గ్లాసును దాని మీద ఉంచి అంకెను సున్నా చెయ్యండి. మీరు రోజూ ఎక్కడి దాకా నింపుతారో అక్కడి దాకానే నీళ్లు పోయండి. తూకం 243 అని చూపిస్తే మీ గ్లాసు 243 మి.లీ. ఎలమంచిలి ఎండలకు నీళ్లు 30 డిగ్రీల దాకా వేడెక్కి ఉన్నా భయం లేదు. ఆ వేడిలో 250 మి.లీ. నీళ్లు 249 గ్రాములు తూగుతాయి. ఒక గ్రాము తేడా వంటకు లెక్కలోకి రాదు.

తూకం లేకపోతే లీటరు మంచినీళ్ల సీసా ఒకటి సరిపోతుంది. కొత్త సీసాలోని నీళ్లు గ్లాసుల్లోకి ఒంపి లెక్కపెట్టండి. అయిదున్నర గ్లాసులు నిండాయంటే 1000ని 5.5తో భాగించాలి. గ్లాసు సుమారు 182 మి.లీ. చిన్న చెంచాలకు మందుల షాపులో దొరికే సూది లేని సిరంజి చక్కగా పనికొస్తుంది.

ఇలా కొలిచేటప్పుడు రెండు సంగతులు కనిపెట్టాలి. ఒకటి అంచు. గ్లాసు మూతి 7.5 సెంటీమీటర్ల వెడల్పు ఉంటే నీటిమట్టంలో ఒక్క మిల్లీమీటరు తేడా 4.4 మి.లీ. అవుతుంది. అంటే దాదాపు ఒక టీ స్పూను! నిండుగా పోసినప్పుడు నీళ్లు అంచు దాటి కాస్త ఉబ్బి నిలుస్తాయి. తలతన్యత వల్ల వచ్చే ఆ ఉబ్బు రెండు మూడు మిల్లీమీటర్లున్నా టేబుల్ స్పూనుకు దగ్గర పడుతుంది. మందు మూతలు, ప్రయోగశాల కొలజాడీలు సన్నగా ఉండటంలో కిటుకు ఇదే. సన్నటి పాత్రలో మట్టం తప్పు చూసినా పరిమాణంలో తప్పు చిన్నదిగానే ఉంటుంది. గీతలున్న పాత్రను చేత్తో ఎత్తి పట్టుకోకుండా బల్ల మీద పెట్టి, కన్ను నీటిమట్టానికి దించి చూడాలి. అంచుల దగ్గర నీరు గాజును పట్టుకుని పైకి పాకుతుంది కాబట్టి నడిమి పల్లాన్నే లెక్కలోకి తీసుకోవాలి.

రెండోది సగం. స్టీలు గ్లాసు అడుగున సన్నంగా, పైన వెడల్పుగా ఉంటుంది. అడుగు 5, మూతి 7.5, ఎత్తు 9 సెంటీమీటర్లున్న గ్లాసులో నిండుగా 280 మి.లీ. పడతాయి. సగం ఎత్తు దాకా పోస్తే 140 పడాలి కదా? పడేవి 112 మాత్రమే, నూటికి 40 వంతులు. అసలు సగం కావాలంటే 5.4 సెంటీమీటర్ల ఎత్తు దాకా పోయాలి. కంటి అంచనాతో రెండు అర గ్లాసులు పోసి గ్లాసుడు అనుకుంటే అయిదో వంతు తగ్గినట్టే.

మీ గ్లాసు అంకె తెలిశాక మార్పిడి అంతా ఒక్క భాగహారం. కావలసిన మిల్లీలీటర్లను గ్లాసు మిల్లీలీటర్లతో భాగించడమే. తరచుగా పనికొచ్చే కొన్ని లెక్కలు ఇవి:

- 1 లీటరు: 250 మి.లీ. కప్పుతో 4, అమెరికా 240 మి.లీ. కప్పుతో నాలుగుంపావుకు కాస్త తక్కువ, కుక్కర్ కప్పుతో అయిదున్నర.
- 750 మి.లీ.: 250 కప్పుతో 3, 240 కప్పుతో మూడు కప్పుల మీద రెండు టేబుల్ స్పూన్లు.
- 100 మి.లీ.: ఆరు టేబుల్ స్పూన్ల మీద రెండు టీ స్పూన్లు.
- 60 మి.లీ.: 240 కప్పులో పావు, లేదా నాలుగు టేబుల్ స్పూన్లు.

నీళ్ల లెక్క నూనెకు చెల్లదు

మిల్లీలీటరుకు గ్రాము అన్నది నీళ్ల మాట. పాలు కొంచెం బరువు, 240 మి.లీ. పాలు సుమారు 247 గ్రాములు తూగుతాయి. నూనె తేలిక. 60 మి.లీ. వేరుశనగ నూనె సుమారు 55 గ్రాములే. అదే 60 మి.లీ. తేనె 85 గ్రాముల దాకా ఉంటుంది. అందుకే లీటరు నూనె ప్యాకెట్ మీద 910 గ్రాములని కనిపిస్తుంది. నూనె వేడెక్కితే వ్యాకోచించి ఇంకా పలచనవుతుంది. లీటరు సోయా నూనె 21 డిగ్రీల వద్ద 919 గ్రాములుంటే 60 డిగ్రీల వద్ద 893 గ్రాములే. కొన్ని కంపెనీలు ప్యాకెట్ మీద ఎక్కువ ఉష్ణోగ్రత వేసి ఆ మేరకు తక్కువ బరువు నింపుతున్నాయని గమనించి, ఉష్ణోగ్రత ప్రస్తావన లేకుండా పరిమాణం, బరువు రెండూ ముద్రించాలని 2022 ఆగస్టులో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ సూచించింది. ఈసారి నూనె కొనేటప్పుడు లీటరు అన్న మాటతో ఆగకుండా గ్రాములు కూడా చదవండి.

ఇక పిండి, బెల్లం లాంటి వాటికి కప్పు కొలతను నమ్మడమే కష్టం. అనకాపల్లి బెల్లాన్ని ముక్కలుగా వేస్తే కప్పులో సగం గాలే ఉంటుంది, తురిమి అదిమితే అదే కప్పులో చాలా ఎక్కువ పడుతుంది. అరిసెల పాకానికి బెల్లం తూచి, నీళ్లు కొలిచి పోసుకోవడం మేలు.

అంచనా పనికిరాని చోటు

పులుసు నీళ్లయితే మరగనిస్తాం, చిక్కబడితే ఇంకాస్త పోస్తాం. అలా దిద్దుకునే వీల్లేని ద్రవాలు ఇంట్లో కొన్ని ఉన్నాయి. వాటిలో మొదటిది ఓఆర్ఎస్.

1971లో బంగ్లాదేశ్ శరణార్థులతో నిండిన బెంగాల్‌లోని బన్‌గావ్ శిబిరంలో కలరా ప్రబలినప్పుడు, డాక్టర్ దిలీప్ మహలనబీస్ ఉప్పు, చక్కెర కలిపిన నీళ్లు తాగించి వేలమందిని బతికించారు. ఇప్పుడు వాడే సూత్రాన్ని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2002లో ఖరారు చేసింది. 20.5 గ్రాముల పొడిని సరిగ్గా లీటరు నీళ్లలో కలిపితే లీటరుకు 75 మిల్లీమోల్స్ సోడియం ఉంటుంది. పాత సూత్రంలో ఉన్న 90 మిల్లీమోల్స్ ఎక్కువని పనిగట్టుకుని తగ్గించి చేసిన కొలత అది.

ఇప్పుడు మన గ్లాసు దగ్గరికి వద్దాం. లీటరంటే నాలుగు గ్లాసులే కదా అని ఓ తల్లి లీటరు ప్యాకెట్‌ను నాలుగు గ్లాసుల్లో కలిపింది. గ్లాసు 250 మి.లీ. అయితే సరిపోయింది. అది 180 మి.లీ. గ్లాసైతే కలిసినవి 720 మి.లీ. నీళ్లే. సోడియం లీటరుకు 104 మిల్లీమోల్స్‌కు ఎక్కుతుంది. తగ్గించాలనుకున్న పాత కొలతనే దాటిపోయింది. విరేచనాలతో నీరసించిన పసివాడి ఒంట్లో నీటికి మించి ఉప్పు చేరడం ప్రమాదం. అదే గ్లాసు పెద్దదైతే మందు పలచబడి, పిల్లాడికి అందాల్సిన లవణాలు అందవు. కొలత తెలియనప్పుడు ఖాళీ లీటరు నీళ్ల సీసాను శుభ్రంగా కడిగి, అమ్మినప్పుడు నీళ్లు ఎక్కడి దాకా ఉన్నాయో అక్కడి దాకా తాగే నీళ్లు నింపి వాడాలి. ప్యాకెట్‌లో సగం పొడి కంటి అంచనాతో పోసి అర లీటరులో కలపకూడదు. చిన్న ప్యాకెట్లు కూడా అమ్ముతారు. ఎన్ని నీళ్లలో కలపాలో వాటి మీదే రాసి ఉంటుంది, కలిపేముందు చదవండి.

పిల్లల సిరప్‌ల సంగతీ అంతే. డాక్టరు 5 మి.లీ. అని రాస్తే సీసా మూతతోనో డ్రాపర్‌తోనో సిరంజితోనో పోయాలి. వంటింటి చెంచాల్లో కొన్ని 3 మి.లీ. కూడా పట్టవు, కొన్ని 7 దాటుతాయి. ఇలాంటి పొరపాట్లు చూసే అమెరికా పిల్లల వైద్యుల సంఘం 2015లో నోటి మందుల మోతాదుల్ని చెంచాల్లో రాయవద్దని, మిల్లీలీటర్లలోనే రాయాలని తీర్మానించింది. పాలపొడి డబ్బాలోని గరిటె కూడా ఆ డబ్బాకే సొంతం. ఒక కంపెనీ గరిటెతో మరో కంపెనీ పొడి కొలిచి బిడ్డకు పట్టకూడదు.

చెరకు, వరి పండించే ఇళ్లలో మరో జాగ్రత్త అవసరం. పురుగుమందు కొలిచిన మూతగానీ గ్లాసుగానీ మళ్లీ వంటింట్లోకి రాకూడదు. దానికి వేరే కొలపాత్ర, వేరే చోటు ఉండాలి.

బడి పిల్లలతో మొదలుపెడదాం

ఎనిమిదో తరగతి పిల్లలకు ఘనపరిమాణం పాఠం ఉంటుంది, బడి ప్రయోగశాలలో కొలజాడీ ఉంటుంది. ఎలమంచిలి ఉపాధ్యాయులు ఒక్క పీరియడ్ కేటాయించి, ప్రతి విద్యార్థినీ ఇంటి నుంచి గ్లాసు, చెంచా తెమ్మంటే బాగుంటుంది. సూత్రంతో ఘనపరిమాణం లెక్కగట్టించి, తర్వాత నీళ్లతో కొలిపించాలి. రెండు అంకెలూ ఎందుకు కాస్త తేడా వచ్చాయో పిల్లలే వాదించుకోనివ్వాలి. గ్లాసు అడుగున ఆ అంకెను చెరగని రంగుతో రాసుకుని వాళ్లు ఇంటికి తీసుకెళ్తే, ఆ ఇంట్లో ఓఆర్ఎస్ కలిపే తల్లికీ, దూరదేశంలో వంట నేర్చుకుంటున్న అక్కకీ ఒకే అంకె అందుతుంది. మన ఇంటి గ్లాసు మీద వేయదగిన ముద్ర అదే, దాన్ని వేయడానికి ఏ అధికారీ అక్కర్లేదు.